రద్దయిన కౌన్సిల్ హద్దుల్లో ఆరు రోజులు

మొదటి రోజు, శనివారం

ఇంగ్లండ్ వాయవ్య మూలన, కార్లైల్‌లో ఎక్కిన రైలుకి రెండే బోగీలు. వర్కింగ్టన్ దాటాక పట్టాలు సముద్రం అంచు పట్టుకుని పోతాయి. గాలి గట్టిగా వీస్తే తుంపర్లు కిటికీ మీద పడతాయేమో అనిపించేంత దగ్గర. "అన్నవరం దగ్గర కొండ పక్కన పోతున్నట్టుందండీ, కొండకి బదులు సముద్రం పెట్టారు" అంది మా ఆవిడ. వైట్‌హేవెన్ స్టేషన్లో అమ్మాయీ అల్లుడూ ఎదురొచ్చారు. అమ్మాయి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. వచ్చి రెండేళ్ళు కావస్తోంది.

ఇంటి ముందు సామాను దించుతుంటే వాకిట్లో చక్రాల చెత్తడబ్బా కనిపించింది. దాని మీద సగం చెరిగిన అక్షరాలు, 'కోప్‌లాండ్ బరో కౌన్సిల్' అని. ఇంటి పన్ను బిల్లు ఒకటి అమ్మాయి ఇదివరకు వాట్సాప్‌లో పెట్టింది. దాని మీద కంబర్లాండ్ కౌన్సిల్ అని ఉన్నట్టు నాకు గుర్తు. ఎంపీడీవో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. కాగితం చూస్తే ముందు కళ్ళు పడేది లెటర్‌హెడ్ మీదే.

"ఈ కోప్‌లాండ్ ఎవరమ్మా?"

"అది ఇప్పుడు లేదు నాన్నా. రద్దయిపోయింది. నేను వచ్చేసరికే లేదు."

ఆ మాటతో నా ప్రయాణ బడలిక ఎగిరిపోయింది. నేను 1982లో ఉద్యోగంలో చేరింది పంచాయతీ సమితిలో. నాలుగైదేళ్ళకే సమితి పోయి మండల ప్రజా పరిషత్ వచ్చింది. కొత్త కాగితాలు అచ్చై వచ్చేదాకా పాత లెటర్‌హెడ్ మీద 'సమితి' అన్న మాట కొట్టేసి పైన చేత్తో 'మండల పరిషత్' అని రాసేవాణ్ణి. కొన్ని వందల కాగితాలు అలా రాసుంటాను. ఇప్పటికీ మా తుని వైపు పెద్దవాళ్ళు "సమితాఫీసు" అనే అంటారు.

అల్లుడు ఇక్కడి కొండలూ సరస్సుల ప్రాంతం, లేక్ డిస్ట్రిక్ట్ మొత్తం చూపిస్తానని లిస్టు రాసి పెట్టాడు. నేనో షరతు పెట్టాను. ఈ ఆరు రోజులూ పాత కోప్‌లాండ్ హద్దు దాటొద్దు. అతను ఫోన్లో మ్యాప్ తీసి చూసి, "ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండ ఇందులోనే ఉంది మావయ్యగారూ, నష్టం లేదు" అన్నాడు.

రెండో రోజు, ఆదివారం

వైట్‌హేవెన్ కాలినడకన చూడాల్సిన ఊరు. పదిహేడో శతాబ్దం మొదట్లో ఇక్కడున్నవి గుప్పెడు జాలరి గుడిసెలు. లౌథర్ అనే జమీందారీ కుటుంబం వచ్చి బొగ్గు తవ్వించి, రేవు కట్టించి, ఊరిని గళ్ళ కాగితం మీద గీసినట్టు గీయించింది. వీధులన్నీ నిటారు, మలుపులన్నీ మూలమట్టం. ఇక్కడి బొగ్గు డబ్లిన్ పొయ్యిల్లో కాలేది. వర్జీనియా నుంచి పొగాకు దిగేది. కరీబియన్ నుంచి పంచదార, రమ్ము వచ్చేవి. వాటి వెనక బానిసల చెమట ఉందని ఊరివాళ్ళే చెబుతారు, దాచుకోరు.

సెయింట్ నికొలస్ చర్చి 1971లో కాలిపోయింది. గోపురం మిగిలింది, చుట్టూ తోట. జార్జ్ వాషింగ్టన్ నాయనమ్మ మిల్‌డ్రెడ్ గేల్‌ని 1701లో ఇక్కడే పాతిపెట్టారు. వాషింగ్టన్ అమెరికా స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న రోజుల్లో, 1778 ఏప్రిల్లో, ఆవిడ ఊరి మీదికే అమెరికా ఓడ దాడికొచ్చింది. తెచ్చినవాడు జాన్ పాల్ జోన్స్. పదమూడేళ్ళప్పుడు ఇదే రేవులో ఓడ పని నేర్చుకున్నవాడు! రాత్రికి రాత్రి దిగి, కోట ఫిరంగులకి మేకులు దిగ్గొట్టి, బొగ్గు ఓడలన్నీ తగలబెట్టాలని ప్లాను. ఒక ఓడకి నిప్పు పెట్టేసరికి తెల్లారింది, ఊరు లేచింది. జరిగిన నష్టం కొంచెమే, బ్రిటన్ రేవులన్నిటికీ పట్టుకున్న టెన్షన్ మాత్రం చాలా పెద్దది.

రేవు పైన గట్టు మీద కొవ్వొత్తి స్టాండులాంటి రాతి చిమ్నీ ఒకటి ఉంది. వెల్లింగ్టన్ గనిలో మిగిలిన గుర్తు. 1910 మేలో ఆ గనిలో 136 మంది చనిపోయారు. ఈ గనులు సముద్రం కింద మైళ్ళకొద్దీ పోయేవి. రేవుకి ఉత్తరం వైపు విలియం పిట్ అనే ఇంకో గని ఉండేది. అక్కడి ప్రమాదం తేదీ చదివి ఆగిపోయాను. మళ్ళీ చదివాను. 1947 ఆగస్టు 15. ఆ సాయంత్రం పేలుడులో 104 మంది పోయారు. ముగ్గురు మాత్రం దాదాపు ఇరవై గంటల తర్వాత నడిచి బయటికొచ్చారు. మనకి చిన్నప్పట్నుంచీ ఆ తేదీ అంటే చొక్కాకి గుచ్చుకున్న కాగితం జెండా, చేతిలో రెండు చాక్లెట్లు. ఇక్కడ అదే తేదీకి ఒక్కో వీధిలో మూడు నాలుగు తలుపుల ముందు ఏడుపులు. మా ఆవిడ ఏమీ అనలేదు. రేవు గోడ మీద కూర్చుని కాసేపు నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

ఊళ్ళో చివరి పెద్ద గని హేగ్ 1986లో మూతపడింది. కొత్తగా ఒకటి తవ్వుతామంటే 2022 డిసెంబరులో ప్రభుత్వం ఒప్పుకుంది, 2024 సెప్టెంబరులో హైకోర్టు ఆ అనుమతి కొట్టేసింది. దీని మీద ఊరు రెండుగా చీలి ఉంది. కాబట్టి నేను అడగడం మానేశాను.

తిరిగొస్తూ కాథరిన్ స్ట్రీట్‌లో కోప్‌లాండ్ సెంటర్ చూశాం. ఒకప్పుడు కౌన్సిల్ హెడ్డాఫీసు. ఆదివారం కదా, బయట నిలబడి అద్దాల్లోంచి తొంగి చూశాను. "నాన్నా, ఎవరైనా చూస్తే బాగోదు" అని అమ్మాయి చెయ్యి పట్టి లాగింది.

మూడో రోజు, సోమవారం

పొద్దుట్నుంచీ వాన. మన వానలా కుమ్మరించి వెలిసే రకం కాదు. జల్లెడ పట్టినట్టు సన్నగా, తీరుబడిగా, సాయంత్రం దాకా.

పక్కింటావిడని టీకి పిలిచాం. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. ఆవిడ కోప్‌లాండ్ కౌన్సిల్లో పన్నుల సెక్షన్లో పనిచేసి, కంబర్లాండ్ కౌన్సిల్లో రిటైరైందని అమ్మాయి ముందురోజు రాత్రి చెప్పింది. అది మొదటి రోజే చెప్పాల్సిన ముక్క!

ఆత్రేయపురం పూతరేకులు పెట్టాం. ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని పైపొర జాగ్రత్తగా విప్పడం మొదలుపెట్టింది. కాగితం అనుకుంది పాపం. "అది కూడా తినేదేనండీ" అంటే నమ్మలేదు. అల్లుడు ఒకటి మొత్తం నోట్లో పెట్టుకుని చూపించాక గానీ ధైర్యం రాలేదు. తిన్నాక రెండోది అడక్కుండానే తీసుకుంది. "నలభై ఏళ్ళు కాగితం మధ్య బతికాను, తినొచ్చని తెలిస్తే ఎంత బాగుండేది" అంది. అక్కడ మా ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది.

కోప్‌లాండ్ పుట్టింది 1974 ఏప్రిల్ 1న. వైట్‌హేవెన్ మునిసిపాలిటీ, ఎన్నర్‌డేల్ రూరల్ డిస్ట్రిక్ట్, మిల్లమ్ రూరల్ డిస్ట్రిక్ట్, ఈ మూడూ కలిపేశారు. పైన కంబ్రియా అనే కొత్త కౌంటీ. అప్పటిదాకా శతాబ్దాలుగా ఉన్న కౌంటీ పేరు కంబర్లాండ్, దాన్ని మూల పెట్టారు. తర్వాత 2023 ఏప్రిల్ 1న కోప్‌లాండ్‌ని రద్దు చేసి, అల్లర్‌డేల్, కార్లైల్‌లతో కలిపి ఒకే కౌన్సిల్ చేశారు. దానికి మళ్ళీ కంబర్లాండ్ పేరే పెట్టారు. పుట్టిందీ ఏప్రిల్ ఒకటే, పోయిందీ ఏప్రిల్ ఒకటే. "పైనున్నవాళ్ళకి జోకులంటే ఇష్టం" అంది ఆవిడ, నవ్వకుండా.

రద్దు ఎందుకంటే, ఇక్కడ రెండంతస్తుల పాలన ఉండేది. బడులు, రోడ్లు, వృద్ధుల సంరక్షణ కౌంటీవి. చెత్త, ఇళ్ళ ప్లాన్లు, పార్కింగు, పన్ను వసూలు బరోవి. రోడ్డు మీద గుంత పడితే కౌంటీ, రోడ్డు మీద చెత్త పడితే బరో. జనానికి ఈ తేడా పట్టదు. గుంతల కోసం ఆవిడకి ఫోన్ చేసి తిట్టినవాళ్ళు లెక్కలేనంత మంది. ఇప్పుడు రెండు పనులూ ఒకే కౌన్సిల్. కంబ్రియా కౌంటీ కౌన్సిల్ కూడా అదే రోజు పోయింది. మన దగ్గర జిల్లా పరిషత్తూ మండల పరిషత్తూ ఒకే పొద్దున రద్దయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చివరి రోజుల్లో కోప్‌లాండ్‌కి 33 మంది సభ్యులు, వాళ్ళ మీద జనం నేరుగా ఎన్నుకున్న మేయరు. 2014లో ఓటు వేయించి అడిగితే మేయరు కావాలన్నారు. 2015లో మైక్ స్టార్కీ ఇండిపెండెంటుగా గెలిచాడు, 2019లో మళ్ళీ గెలిచాడు. దానికి నేను మా కథ చెప్పాను. 1987లో మండలాధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకున్నారనీ, 1995 నుంచి ఎంపీటీసీ సభ్యులు ఎన్నుకుంటున్నారనీ, ఆ ఎన్నిక ముందు వారం సభ్యులంతా కట్టకట్టుకుని తీర్థయాత్రలకి మాయమవుతుంటారనీ. 'క్యాంపు రాజకీయం' ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడానికి పావుగంట పట్టింది. ఇంకో టీ కూడా పట్టింది.

నేను అడగదలుచుకున్నది వేరే. "చివరి రోజు ఏం చేశారు?"

"2023 మార్చి 31 శుక్రవారం. కేకు కోశాం. కోప్‌లాండ్ మనుషులుగా ఇంటికెళ్ళాం, సోమవారం కంబర్లాండ్ మనుషులుగా వచ్చాం. అదే కుర్చీ, అదే కంప్యూటర్. ఈమెయిల్ మారింది."

పాత రబ్బరు స్టాంపులేమయ్యాయని అడిగాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టి నాకేసి చూసింది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదట. తన బల్ల మీదిది బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చేసుకుంది. తప్పే, కానీ ఎవరూ లెక్క అడగలేదు. నేను కూడా నిజం చెప్పేశాను. మా సమితి రౌండు సీలు ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో, కుంకుమ భరిణె పక్కన ఉంది.

"ఏమండీ!" అంది మా ఆవిడ. ఇన్నేళ్ళూ అది నా చిన్నప్పటి బొంగరమో ఏమో అనుకుందట.

వెళ్ళేముందు ఆవిడ ఇంకో మాట చెప్పింది. కోప్‌లాండ్ అంటే వైకింగుల పాత భాషలో 'కొన్న నేల' అని. ఎవరు ఎవరి దగ్గర కొన్నారో రిజిస్ట్రేషన్ కాగితం లేదు.

నాలుగో రోజు, మంగళవారం

ఎగ్రిమాంట్‌లో పాత కోట గోడలు చూసి, ఊరి సంత కథ విన్నాం. 1267లో వచ్చిన అనుమతి పత్రంతో ఏటా సెప్టెంబరులో జరిగే క్రాబ్ ఫెయిర్. పేరు చూసి మా ఆవిడ పీతల సంత అనుకుంది. కాదు, పుల్లటి అడవి యాపిల్ పళ్ళు. అందులో ఒక పోటీ ఉంది, గుర్రం మెడపట్టీ తలకి తగిలించుకుని ఎవరు ఎంత వికారంగా మొహం పెడతారో చూస్తారు. ప్రపంచ పోటీ అట. "ఆడిట్ వాళ్ళొచ్చిన రోజు మీరు పెట్టే మొహానికి ఫస్ట్ ప్రైజ్ వచ్చేది" అంది మా ఆవిడ.

గాస్‌ఫోర్త్ చర్చి ఆవరణలో పదో శతాబ్దపు రాతి స్తంభం. రెండు నిలువుల కంటే ఎత్తు, సన్నగా, పైన శిలువ. ఒక వైపు ఏసు, మిగతా వైపుల వైకింగుల దేవుళ్ళూ పాములూ. కొత్త దేవుడు వచ్చాడని పాతవాళ్ళని చెరిపెయ్యలేదు, అదే రాతి మీద పక్కపక్కనే చెక్కేశారు. వేళ్ళతో తడిమి చూద్దామనుకున్నాను గానీ వెయ్యేళ్ళ రాయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అక్కణ్ణుంచి సీస్కేల్ బీచ్. ఇసుక మీద పిల్లలు ఆడుకుంటున్నారు, ఉత్తరంగా సెల్లాఫీల్డ్ చిమ్నీలు. కోప్‌లాండ్ గురించి మాట్లాడుతూ దీన్ని దాటేయడం కుదరదు. ఈ తాలూకా మొత్తానికి అన్నం పెట్టింది అదే. ఇప్పటికీ అక్కడ పదివేల మందికి పైగా పని చేస్తారు. ఏ ఇంట్లో అడిగినా ఒకరు ఆ గేటు లోపల ఉంటారు. 1956లో కాల్డర్ హాల్ కేంద్రాన్ని రాణి ప్రారంభించింది. ఇళ్ళకి పెద్ద ఎత్తున అణు కరెంటు పంపడం అక్కడే మొదలైంది. సరిగ్గా ఏడాదికి, 1957 అక్టోబరులో, పక్కనే ఉన్న విండ్‌స్కేల్ రియాక్టర్లో మంటలు లేచాయి. చుట్టూ 500 చదరపు కిలోమీటర్ల మేర పాలు పారబోయించారు. 1981లో పేరు మార్చి మొత్తానికీ సెల్లాఫీల్డ్ అన్నారు. పేరు మారిస్తే చరిత్ర మారుతుందనే నమ్మకం అన్ని ప్రభుత్వాలకీ ఉన్నట్టుంది.

ఇప్పుడక్కడ కరెంటు తయారు కాదు. ఉన్నది శుభ్రం చేయడమే పని, అదే ఇంకో వందేళ్ళు పడుతుందని వాళ్ళ లెక్క. కౌన్సిల్ బతికింది నలభై తొమ్మిదేళ్ళు. చెత్త ఎత్తే కౌన్సిల్ ముందు పోయి, చెత్త మిగిలింది. శ్రీకాకుళం కొవ్వాడలో పెడతామన్న అణు కేంద్రం గురించి పేపర్లో ఎప్పుడు చదివినా పేజీ తిప్పేసేవాణ్ణి. ఇకపై తిప్పలేనేమో.

ఐదో రోజు, బుధవారం

వాస్డేల్. దీని గురించి ఇక్కడివాళ్ళు ఒక మాట అంటారు. ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తైన కొండ, లోతైన సరస్సు, చిన్న చర్చి, పెద్ద అబద్ధాలకోరు, నాలుగూ మా లోయలోనే అని.

సరస్సు పేరు వాస్ట్ వాటర్. దారి ఒక గట్టునే పోతుంది. అవతలి గట్టున కొండ చరియ పై నుంచి కిందికి రాళ్ళు జారి జారి నీళ్ళలోకి దిగిపోయి ఉంది. నీళ్ళు నల్లగా, కదలకుండా. పడవలు లేవు, కొట్లు లేవు, వేరుశెనక్కాయల బండి కూడా లేదు. ఇంత పెద్ద నీటి పక్కన ఇంత నిశ్శబ్దం నేను ఎక్కడా చూడలేదు. స్కాఫెల్ పైక్ 978 మీటర్లు. ఎక్కేవాళ్ళు చీమల్లా కనిపిస్తున్నారు. నా మోకాళ్ళు వినతిపత్రం పెట్టుకున్నాయి, ఆమోదించాను.

గొర్రెలు చూడాల్సినవి. హెర్డ్‌విక్ అంటారు. పిల్లలు బొగ్గుల్లా నల్లగా పుడతాయి, ఏళ్ళు గడిచేకొద్దీ ఒళ్ళు బూడిద రంగుకి తిరిగి మొహం తెల్లబడుతుంది. ఒకటి కారుకి అడ్డంగా నిలబడింది. అల్లుడు హారన్ కొట్టలేదు, అది కదల్లేదు. ఐదు నిమిషాలు ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం.

సెయింట్ ఓలాఫ్ చర్చి మన రామాలయమంత ఉంటుంది. యూ అనే చెట్ల మధ్య, లోపల బెంచీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చుట్టూ కొండలెక్కుతూ పోయినవాళ్ళ సమాధులు.

ఇక అబద్ధాలకోరు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ సత్రం నడిపిన విల్ రిట్సన్. మా లోయలో టర్నిప్ దుంపలు ఎంతుంటాయంటే, ఆదివారం భోజనానికి తొలిచి తినగా మిగిలిన డొల్లలో గొర్రెల్ని కట్టేసుకుంటాం అనేవాడట. ఆయన పేరు మీద సాంటన్ బ్రిడ్జ్‌లో ఏటా నవంబరులో అబద్ధాల పోటీ పెడతారు. రాజకీయ నాయకులకీ లాయర్లకీ ప్రవేశం లేదు, వాళ్ళు ఆ విద్యలో మరీ ఆరితేరినవాళ్ళని! ఆఫీసు సిబ్బందికి అడ్డు లేదని అల్లుడు చెప్పాడు. నేను ముప్పై ఏడేళ్ళు, ఇచ్చిన నిధులు సక్రమంగా ఖర్చయ్యాయని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్లు రాసినవాణ్ణి. నవంబరు దాకా వీసా లేకపోవడం వాళ్ళ అదృష్టం.

ఆరో రోజు, గురువారం

అమ్మాయికి డ్యూటీ, అల్లుడికి మీటింగులు. మేమిద్దరమే రైల్లో దక్షిణం కొస దాకా బయల్దేరాం. ఈ లైన్లో కొన్ని చిన్న స్టేషన్లలో అడిగితేనే బండి ఆగుతుంది. దిగాలంటే గార్డుకి ముందే చెప్పాలి, ఎక్కాలంటే ప్లాట్‌ఫారం మీద చెయ్యెత్తాలి, మన పల్లెవెలుగు బస్సులా. అమ్మాయి చెప్పింది, నేను విన్నాను, మర్చిపోయాను. సిలెక్రాఫ్ట్‌లో దిగి సముద్రం చూడాలని మా ఆవిడ కోరిక. తలుపు దగ్గర సంచీతో నిలబడ్డాం. స్టేషన్ వచ్చింది, కళ్ళ ముందే వెళ్ళిపోయింది. ఆ తర్వాత మిల్లమ్ దాకా ఆవిడ నాతో మాట్లాడలేదు.

మిల్లమ్ ఇనుము ఊరు. హాడ్‌బారో గని, ఇనుప కొలిమి రెండూ 1968లోనే ఆగిపోయాయి. గని మీదికి సముద్రం రాకుండా కట్టిన పెద్ద గోడ మాత్రం ఉంది. లోపలంతా ఇప్పుడు నీళ్ళు, పక్షులు. నార్మన్ నికల్సన్ అనే కవి 1914లో ఇక్కడ పుట్టి, ఇంచుమించు జీవితమంతా పుట్టిన ఇంట్లోనే గడిపి, 1987లో పోయాడు. ఆయన పుట్టినప్పుడు ఇది కంబర్లాండ్, పోయేనాటికి కంబ్రియాలో కోప్‌లాండ్. ఆయన మాత్రం ఇల్లు మారలేదు. మేమూ అంతే. 2022 ఏప్రిల్లో తూర్పు గోదావరి నుంచి కాకినాడ జిల్లాలోకి వెళ్ళాం, అరుగు మీంచి లేవకుండానే.

వచ్చేటప్పుడు రేవెన్‌గ్లాస్‌లో దిగాం. రోమన్ల స్నానశాల గోడలు మనిషికి రెండింతల ఎత్తున ఇంకా నిలబడి ఉన్నాయి. పక్క స్టేషన్లో బొమ్మ రైలు. పట్టాల మధ్య ఎడం పదిహేను అంగుళాలే, ఏడు మైళ్ళు లోయలోకి పోతుంది. ఇక్కడి యాసలో 'లాల్ రాటీ', లాల్ అంటే చిన్నది. ఆ రైల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నాక మా ఆవిడ అలక తీరింది.

రాత్రి పది కావస్తున్నా ఇంకా వెలుతురు ఉంది. మర్నాడు చెత్తబండి వచ్చే రోజు. డబ్బా నేనే రోడ్డు మీదికి తోసుకెళ్ళాను. వీధి పొడుగునా డబ్బాలు బారులు తీరాయి. కొన్నిటి మీద పాత పేరు, కొన్నిటి మీద ఇంటి నంబరు తప్ప ఏమీ లేదు. పక్కింటావిడ కూడా తన డబ్బాతో బయటికొచ్చింది. కోటు జేబులోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టింది. చెక్క పిడి, కింద రబ్బరు. ఇంకు ఎప్పుడో ఎండిపోయింది. తిరగేసి వీధి దీపం కింద అద్దంలో చదివినట్టు చదువుకున్నాను.

"మీ దానికి జోడీ" అంది. "కుంకుమ పక్కన పెట్టండి."

వద్దనబోయాను. అప్పటికే ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమండీ, ఆ డబ్బాకి ఫోటోలు తీసింది చాలు, చలిలో ఏం చేస్తున్నారు?" అని మా ఆవిడ కిటికీలోంచి పిలుస్తోంది. స్టాంపు చొక్కా జేబులో వేసుకుని లోపలికి నడిచాను. సూట్‌కేసులో ఎక్కడ సర్దాలో ఇంకా తేల్చుకోలేదు.